పుట్టుకతోనే ఇరవై గోళ్ళూ లేని బిడ్డ: ఏం చూడాలి, ఎక్కడికి పంపాలి?

ఆదోని_పల్లె_క్లినిక్:

అందరికీ నమస్కారం. ఆదోని దగ్గరి పల్లె క్లినిక్‌కు టీకా కోసం తెచ్చిన బిడ్డ గురించి అడుగుతున్నాను. 14 నెలల ఆడబిడ్డ. నెలలు నిండాకే కాన్పు. చేతులకూ కాళ్ళకూ ఒక్క గోరు కూడా లేదు. గోరుండాల్సిన చోట నున్నటి చర్మం, అంతే. మచ్చ లేదు, పుండు లేదు. బరువు కార్డులో పచ్చ గీతలోనే ఉంది, పట్టుకోకుండా నడుస్తోంది, నాలుగైదు మాటలు పలుకుతోంది. తల్లిని సొంత మేనమామకే ఇచ్చారు. ఆమెకిప్పుడు మళ్ళీ మూడో నెల.

గ్రహణం రోజు కూరగాయలు తరిగింది కాబట్టే ఇలా అయిందని ఇంట్లో అవ్వ అంటోంది. మందుల షాపులో కాల్షియం సిరప్పు, బయోటిన్ మాత్రలు ఇచ్చారు, మాత్ర పొడి చేసి పాలల్లో కలిపి పోస్తున్నారు. దీన్ని ఏమంటారు, రిఫరల్‌లో ఏమని రాయాలి? మందుతో గోళ్ళు వస్తాయా? పైకి పంపే ముందు మా దగ్గరే ఏమేం చూడొచ్చు? కడుపులో బిడ్డకూ వస్తుందా అని తల్లి అడిగితే ఏం చెప్పాలి?


స్కిన్_ఓపీ_కర్నూలు:

అక్కా, దీని పేరు అనోనికియా. గ్రీకులో ‘ఒనిక్స్’ అంటే గోరు, ముందున్న ‘అన్’ లేదని చెప్పే మాట. పుట్టుకతోనే ఉంది కాబట్టి అనోనికియా కంజెనిటా. జబ్బులకు ఇచ్చే అంతర్జాతీయ పట్టిక ఐసీడీ-10లో దీని కోడ్ క్యూ84.3. రిఫరల్‌లో ‘గోళ్ళ జబ్బు’ అని మాత్రం రాయొద్దండి. గోరు అసలు లేకపోవడం వేరు, చిన్నదిగా ఉండటం వేరు, ఉన్నది ఊడిపోవడం వేరు. మూడింటికీ కారణాలు వేరు, చేసే పరీక్షలూ వేరు.

ముందు ఆ మాత్రలు ఆపించండి. గోరు కాల్షియంతో తయారయ్యేది కాదు, అది కెరటిన్ అనే ప్రోటీన్. దాన్ని తయారుచేసేది గోరు మొదట్లో చర్మం మడత కింద దాక్కుని ఉండే మేట్రిక్స్. పీకేసిన గోరు మళ్ళీ వస్తుంది కదా అని ఇంట్లోవాళ్ళు అడుగుతారు. వస్తుంది, ఎందుకంటే గోరు పోయినా మేట్రిక్స్ అక్కడే ఉంటుంది. లోపలికి పెరిగి బాధపెట్టే గోటి అంచు మళ్ళీ రాకూడదనుకున్నప్పుడు సర్జన్ ఆ వైపు మేట్రిక్స్‌ను ఫినాల్‌తో కాలుస్తాడు, అక్కడ ఇక గోరు రాదు. ఈ బిడ్డలో మేట్రిక్స్ గోరు కట్టే స్థితికి ఎదగనే లేదు. విత్తనం పడని మడికి ఎన్ని తడులు పెట్టినా మొలకెత్తదు. బయోటిన్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది: ఎక్కువ మోతాదులో వాడుతుంటే థైరాయిడ్ వంటి కొన్ని రక్త పరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. రేపు ఎవరైనా ఆ పరీక్ష రాస్తే లేని జబ్బు కాగితం మీదికి ఎక్కుతుంది.

గ్రహణం సంగతి అవ్వకు కొంచెం నిదానంగా చెప్పాలి. గర్భంలో గోరు కట్టడం సుమారు పదో వారంలో మొదలవుతుంది. చేతి గోళ్ళు వేలి కొసకు చేరేసరికి 32వ వారం, కాలి గోళ్ళకు 36. ఒక్కరోజు తల్లి చేసిన పనితో ఇరవై వేళ్ళకూ ఒకేలా గోరు లేకుండా పోయే మార్గమే లేదు. ఆ నింద ఆమె మీద ఉండగా మిగతా ఏ మాటా ఆ ఇంట్లో ఎక్కదు.

అసలు విషయానికి వస్తాను. గోళ్ళు లేకపోవడం వల్ల ప్రాణానికి ఏమీ కాదు. గోళ్ళతోపాటు ఇంకేమైనా లోపం ఉందా అన్నదే మనం తేల్చాల్సింది. ఇరవై గోళ్ళూ లేకుండా, మిగతా అన్నీ బాగుంటే అది ఎక్కువగా ఆర్‌ఎస్‌పీఓ4 అనే జీన్‌లో మార్పు వల్ల వచ్చే విడి అనోనికియా. ఆ సంబంధం 2006లో బయటపడింది. గర్భంలో ‘ఇక్కడ గోరు కట్టు’ అనే సంకేతానికి బలమిచ్చే ప్రోటీన్‌కు ఆ జీన్ మూలం. ఆ ప్రోటీన్ పనిచేయకపోతే గోరు ఒక్కటే ఆగుతుంది, వేలు, ఎముక, వెంట్రుక, పన్ను మామూలుగానే ఉంటాయి.

కాబట్టి ఒక కాగితం మీద రెండు చేతులూ రెండు కాళ్ళూ గీసి ఇరవై వేళ్ళకూ విడివిడిగా రాయండి: అసలు లేదు, సగం ఉంది, పలచగా ఉంది అని. ఏ వేలు ఎక్కువ దెబ్బతిందన్న దాన్ని బట్టే చాలా తెలుస్తుంది. బొటనవేలి దగ్గర ఎక్కువగా ఉండి చిటికెన వేలి వైపు తగ్గుతూ పోతే, మిగిలిన గోటి మొదట్లో తెల్లటి నెలవంక త్రికోణంగా కనిపిస్తే నెయిల్-పటెల్లా సిండ్రోమ్‌ను అనుమానించాలి. అందులో మోకాలి చిప్ప చిన్నది లేదా ఉండదు, మోచెయ్యి పూర్తిగా చాపలేరు, కిడ్నీ దెబ్బతినొచ్చు, కంటి ఒత్తిడి పెరగొచ్చు. చిటికెన వేళ్ళకు మాత్రమే గోరు లేక బిడ్డ ఎదుగుదల మందంగా ఉంటే కాఫిన్-సిరిస్ సిండ్రోమ్ కావొచ్చు. చూపుడు వేళ్ళకు మాత్రమే అయితే ఇసో-కికూచీ, అది పెద్దగా భయపడాల్సింది కాదు.

తర్వాత చర్మం, జుట్టు, పళ్ళు, చెమట. చర్మం రాపిడికి పొక్కులు లేస్తుంటే దారి పూర్తిగా వేరు, అది ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా కావొచ్చు. జుట్టు పలచబడి, గోళ్ళు చెడి, చెమట మాత్రం బాగా పడుతుంటే ఒక రకం ఎక్టోడెర్మల్ డిస్‌ప్లేసియా, అంటే జుట్టు, పళ్ళు, గోళ్ళు, చెమట గ్రంథులు సరిగా ఎదగని జబ్బు. చెమటే పట్టకుండా, పళ్ళు రాకపోయినా సూదిగా వచ్చినా ఇంకో రకం. మన ఎండల్లో ఈ రెండో రకం బిడ్డలు మే నెలలో ఇన్ఫెక్షన్ లేకుండానే కాగిపోతారు. మధ్యాహ్నం ఆడుకుని వచ్చినప్పుడు వీపు తడిగా ఉందా అని తల్లిని అడిగితే చాలు.

తల్లి మొదటి గర్భంలో ఫిట్స్ మాత్రలు వాడిందా? ఫెనిటోయిన్, కార్బమజెపైన్, వాల్‌ప్రోయేట్ వల్ల గానీ, గుండె కవాటం మార్చినవాళ్ళకు ఇచ్చే వార్ఫరిన్ వల్ల గానీ బిడ్డకు వేలి కొసలు, గోళ్ళు చిన్నవిగా రావొచ్చు. ఒకవేళ ఆమె ఇప్పుడూ వాడుతుంటే, ఈ సంగతి తెలిసి తనంతట తానే మానేయకుండా చూడండి. గర్భంలో ఫిట్స్ వస్తే తల్లీబిడ్డలిద్దరికీ ప్రమాదం. మందు మార్చాలా వద్దా అన్నది న్యూరాలజిస్టు, ప్రసూతి డాక్టరు కలిసి తేల్చాలి.


గుత్తి_ఫార్మా:

కిడ్నీ, మోకాలి చిప్ప మాట వచ్చింది కాబట్టి గుత్తిలోనో ఆదోనిలోనో మోకాళ్ళ ఎక్స్‌రే తీయించేస్తే తేలిపోదా?


ఎక్స్‌రే_అనంతపురం:

అన్నా, ఈ వయసులో తేలదు. మోకాలి చిప్ప పుట్టినప్పుడు మృదులాస్థి, అంటే మెత్తటి ఎముక. ఎక్స్‌రేలో పడేలా గట్టిపడేది 3 నుంచి 6 ఏళ్ళ మధ్య, ఆడపిల్లలకు కొంచెం ముందు. 14 నెలల బిడ్డకు ఎవరికి తీసినా చిప్ప కనపడదు. దాన్ని చూసి ‘చిప్ప లేదు’ అని రిపోర్టు రాస్తే లేనిపోని నెయిల్-పటెల్లా ముద్ర పడుతుంది. మోకాలి అల్ట్రాసౌండ్‌లో మెత్తటి చిప్ప చక్కగా కనిపిస్తుంది, రేడియేషనూ లేదు. అదే అడగండి.

ఎక్స్‌రే తప్పకుండా కావాల్సింది రెండు చేతులకు. అరచేతులు కింద ఆనించి, వేళ్ళు విడదీసి, రెండు చేతులూ ఒకే ఫిల్మ్‌లో. చివరి కణుపు ఎముక ఉందా, పొట్టిగా ఉందా అన్నది దాంతో తెలుస్తుంది. గోరుతోపాటు ఆ చివరి ఎముక కూడా లేకపోతే కుక్స్ సిండ్రోమ్ లాంటివి లెక్కలోకి వస్తాయి. నెయిల్-పటెల్లా అనుమానం గట్టిగా ఉన్నప్పుడే కటి ఎముక ఎక్స్‌రే. తుంటి ఎముక వెనక వైపు కొమ్ముల్లా పొడుచుకొచ్చి ఉంటే ఆ జబ్బే. ఆ కొమ్ములు ఇంకే జబ్బులోనూ అలా కనపడవు. అయితే అవి లేనంత మాత్రాన జబ్బు లేదని అనుకోకూడదు.

కిడ్నీ సంగతి తెలియడానికి మూత్రం ఉదయం మొదటిది పట్టండి. స్ట్రిప్ మీద ప్రోటీన్ కనిపిస్తే అక్కడితో ఆగకుండా ప్రోటీన్-క్రియాటినిన్ నిష్పత్తి అడగండి. రెండేళ్ళ లోపు బిడ్డకు అది 0.5 వరకూ మామూలే, 0.2 అనే గీత రెండేళ్ళు దాటాక. పెద్దవాళ్ళ గీతతో పోల్చి భయపెట్టే రిపోర్టులు చాలానే వస్తుంటాయి.


ఆడియో_కడప:

ఎవరూ చెవుల గురించి రాయలేదు. మాటలు వస్తున్నాయి కదా అని వదిలేయొద్దు, ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు రెండూ చేయించండి. డోర్స్ సిండ్రోమ్‌లో చెవుడు, గోళ్ళు లేకపోవడం లేదా చిన్నవి కావడం, వేలి ఎముకల పొట్టితనం, ఎదుగుదల లోపం, ఫిట్స్ కలిసి వస్తాయి. ఈ బిడ్డ నడుస్తోంది, పలుకుతోంది కాబట్టి ఆ అవకాశం తక్కువే. కానీ అదీ మేనరికాల్లో బయటపడే రకమే. ఒక పూట పరీక్షతో దాన్ని పక్కన పెట్టేయగలిగినప్పుడు అనుమానం మిగల్చడం ఎందుకు?


జీన్_కౌన్సెలింగ్:

చివరి ప్రశ్నకు నేను చెబుతాను. ఆ తల్లికి మూడో నెల అంటున్నారు కాబట్టి ఇక్కడ అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది తేదీలు.

ఆర్‌ఎస్‌పీఓ4 వల్ల వచ్చే రకం బయటపడాలంటే బిడ్డకు ఆ జీన్ రెండు కాపీలూ చెడినవే రావాలి. ఒకటి చెడి ఒకటి బాగుంటే మనిషికి గోళ్ళు మామూలుగా ఉంటాయి, ఆ మార్పు తనలో ఉందని తెలియనే తెలియదు. ఈ ఇంట్లో ఏం జరిగి ఉంటుందో బొమ్మ వేసి చూపించండి. అవ్వా తాతల్లో ఒకరి దగ్గర ఒక చెడిన కాపీ ఉంది. అది కొడుక్కి వచ్చింది. కూతురికీ వచ్చి, ఆమె నుంచి మనవరాలికి వచ్చింది. ఆ కొడుక్కీ మనవరాలికీ పెళ్ళి చేశారు. ఒకే మార్పు రెండు దారుల్లో నడిచి వచ్చి ఈ బిడ్డలో కలిసింది. మేనమామ-మేనకోడలు పెళ్ళిలో బిడ్డకు ఏ జీన్ తీసుకున్నా రెండు కాపీలూ ఇలా ఒకే పెద్దల నుంచి వచ్చే అవకాశం 8లో 1. మేనత్త-మేనమామ పిల్లల మధ్య పెళ్ళిలో 16లో 1. ఇలాంటి దాగిన మార్పులు కొన్ని మనందరిలోనూ ఉంటాయి, కాబట్టి అవ్వనో తాతనో తప్పుపట్టే పని కూడా లేదు.

కడుపులో ఉన్న బిడ్డకు వచ్చే అవకాశం 4లో 1. ప్రతి గర్భానికీ మళ్ళీ అదే 4లో 1. ‘ఒక బిడ్డకు వచ్చేసింది, ఇక ముగ్గురికి రాదు’ అని లెక్క వేసేవాళ్ళున్నారు. అది తప్పు, కచ్చితంగా సరిదిద్దండి. 18-22 వారాల్లో బిడ్డ అవయవాలు చూసేందుకు చేసే టిఫా స్కాన్‌లో గోళ్ళు నమ్మకంగా కనపడవు. గుండె, కిడ్నీ, వేలి ఎముకలు కనపడతాయి, దానికోసం తప్పకుండా చేయించాలి.

మొదటి బిడ్డది విడి అనోనికియా అని తేలితే గర్భంలో సూది గుచ్చి పరీక్ష చేసే అవసరం మామూలుగా ఉండదు. ఆ బిడ్డ ఆయుష్షుకు, తెలివికి ఏ లోటూ లేదు, సూది వల్ల గర్భం పోయే ప్రమాదం కొంచెమైనా ఉంటుంది. డోర్స్ లాంటిది బయటపడితే మాత్రం ఆ కుటుంబం ఆలోచించుకోవాల్సింది చాలా ఉంటుంది, వాళ్ళకు సమయం కావాలి. మాయ ముక్క తీసి చేసే కోరియాన్ పరీక్ష 11-14 వారాల్లో, ఉమ్మనీటి పరీక్ష 15-16 వారాల తర్వాత. రెండూ చేయాలంటే మొదటి బిడ్డలో ఏ జీన్‌లో ఏ మార్పు ఉందో ముందే తెలిసి ఉండాలి. ఆ రిపోర్టుకు వారాలు పడుతుంది. అందుకే పై పరీక్షలన్నీ ఒక్కొక్కటిగా నెలకోసారి చేయించుకుంటూ పోకుండా ఈ వారంలోనే పంపండి.

పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కేలో నమోదు చేసి, పిల్లల లోపాలను ముందే గుర్తించి చూసే జిల్లా కేంద్రం డీఈఐసీకి ఒక రిఫరల్, కర్నూలు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) స్కిన్ విభాగానికి ఒకటి రాయండి. జన్యు పరీక్షకు హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, అక్కడి డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలోనూ చేస్తారు. రక్తం ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులో, బిడ్డది 2 మి.లీ., తల్లిదండ్రులది చెరో 3 మి.లీ. ముగ్గురిదీ కావాలి. బిడ్డలో దొరికిన మార్పు ఇద్దరి నుంచీ ఒక్కొక్కటి వచ్చిందని చూపిస్తేనే రిపోర్టు నిలబడుతుంది. ట్యూబును మెల్లగా ఎనిమిది పది సార్లు తలకిందులు చేయండి, లేకపోతే గడ్డకట్టి పనికిరాదు. ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు.

పెద్దయ్యాక ఈ పిల్ల పెళ్ళి మాట కూడా ఇప్పుడే చెప్పి ఉంచండి, ఎందుకంటే ఇలాంటి ఇళ్ళల్లో ‘గోళ్ళు లేని పిల్లను బయటివాళ్ళు చేసుకోరు, మనలోనే ఇచ్చేద్దాం’ అంటారు. బయటి సంబంధం చేస్తే ఆమె పిల్లలందరూ ఒక చెడిన కాపీ మోస్తారు గానీ దాదాపు అందరికీ గోళ్ళు మామూలుగా ఉంటాయి. అదే తల్లి తమ్ముడికి ఇస్తే, అతను ఆ మార్పు మోస్తూ ఉండే అవకాశం సగం. మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. అప్పుడు తల్లికీ బిడ్డకూ వరుసగా కనిపిస్తుంది, చూసినవాళ్ళు అది తరతరానికీ తప్పని వంశపు జబ్బని రాసేస్తారు. మన జిల్లాల్లో వంశవృక్షం గీసేటప్పుడు మేనరికపు పెళ్ళికి రెండు గీతలు గీయడం మరిస్తే ఈ పొరపాటే జరుగుతుంది.


చెయ్యి_థెరపీ_ప్రొద్దుటూరు:

చేతి పని గురించి. గోరు వేలి మెత్తకు వెనక ఆనిక. మెత్త మీద ఒత్తిడి పడినప్పుడు వెనకనుంచి గోరు ఎదురు నిలుస్తుంది కాబట్టే సూది, చిల్లర, కింద పడిన గింజ చిటికెతో ఎత్తగలుగుతాం. గోరు లేకపోతే మెత్త వెనక్కి జారుతుంది. సంగటి ముద్ద తినడానికి, పలక పట్టడానికి, రాయడానికి ఏ ఇబ్బందీ ఉండదు. కష్టమయ్యేవి గీరి తీసేవి: వెల్లుల్లి పొట్టు, మాత్రల స్ట్రిప్, అతుక్కున్న స్టిక్కర్, చెనిక్కాయలు ఒలవడం. చెనిక్కాయలకు వెదురు బద్దను మధ్యకు వంచి చిమటాలా పట్టుకుని నొక్కితే సరిపోతుంది. గుండీలు పెద్దవి కుట్టించండి, జిప్పుకు చిన్న తాడు ముక్క కట్టండి.

వేలి కొస మీద కవచం లేదు కాబట్టి తలుపు సందులో పడినా, రాయి తగిలినా దెబ్బ నేరుగా చర్మానికి, ఎముకకు తగులుతుంది. ముందు మూసి ఉన్న చెప్పులు అలవాటు చేయండి. రాత్రిపూట వేలి కొసలకు కొంచెం పెట్రోలియం జెల్లీ. చలికాలంలో పగుళ్ళు వస్తే రోజుకు రెండుసార్లు.

ఇప్పుడే అతికించే గోళ్ళు కొనొద్దని చెప్పండి. అవి గోటి మీద అతికేవి, చర్మం మీద నిలవవు. ఆ జిగురు చర్మానికి తగిలితే అలర్జీ వస్తుంది, దూదికో నూలు బట్టకో తగిలితే వేడెక్కి కాలుతుంది. పైగా ఈ వయసు బిడ్డ ఊడినదాన్ని నోట్లో పెట్టుకుంటుంది, గొంతుకు అడ్డం పడుతుంది. పెద్దయ్యాక తనకే కావాలనిపిస్తే వేలికి టోపీలా తొడిగే సిలికాన్ కొస ఉంది, గోరు అందులోనే ఉంటుంది. దంత కళాశాలల్లో కట్టుడు పళ్ళు చేసే ప్రాస్థోడాంటిస్టులు వేలి అచ్చు తీసి, చర్మం రంగు కలిపి చేస్తారు. రాత్రి తీసి మెత్తటి సబ్బుతో కడగాలి. రంగు వెలుస్తుంది, అంచు చిరుగుతుంది, వేలు పెరిగితే మళ్ళీ చేయించాలి. పెళ్ళికీ పేరంటానికీ చాలామందికి నచ్చుతుంది గానీ, అది తొడిగితే వేలి మెత్తకు స్పర్శ తగ్గుతుంది కాబట్టి పని చేసేటప్పుడు తీసేయాల్సిందే. కాలి గోటిని చేతికి మార్చే ఆపరేషన్ ఉంది కానీ ఇరవై గోళ్ళూ లేనివాళ్ళకు తెచ్చి పెట్టడానికి కాలి గోరే లేదు.

ఆషాఢంలో గోరింటాకు పెట్టొచ్చు, రుబ్బిన ఆకు ఏమీ చేయదు. నల్ల కోన్ వద్దు, అందులో కలిపే జుట్టు రంగు రసాయనంతో పొక్కులొస్తాయి.


కడప_ఏఎన్ఎం:

మధ్యలో ఒక సందేహం. పిల్లలకు జ్వరం తగ్గిన తర్వాత గోళ్ళు ఊడుతున్నాయి, పెద్దవాళ్ళలో ఒకరికి గోరు సన్నబడి పోయింది. ఇవి కూడా అనోనికియానేనా?


స్కిన్_ఓపీ_కర్నూలు:

మొదటిది కాదు. చేయి-కాలు-నోరు జ్వరం వచ్చిన ఒకటి రెండు నెలలకు గోరు మొదటి వైపు నుంచి లేచి ఊడుతుంది. కింద కొత్త గోరు అప్పటికే వస్తుంటుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మి.మీ. పెరుగుతుంది, ఆరు నెలల్లో నిండుతుంది. కాలి బొటనవేలిది ఏడాది నుంచి ఏడాదిన్నర. మందేమీ అక్కర్లేదు.

రెండోదాన్ని వదలొద్దు. గోరు పలచబడి, నిలువు గాట్లు పడి, మొదట్లోని చర్మం రెక్కలా ముందుకు పాకుతుంటే గోటి లైకెన్ ప్లానస్ కావొచ్చు. అది మేట్రిక్స్‌ను మచ్చకట్టిస్తుంది, మచ్చకట్టిన చోట గోరు ఇక రాదు. చర్మం పాకక ముందే స్టెరాయిడ్ మొదలుపెడితే మిగిలిన గోళ్ళను కాపాడుకోవచ్చు. ‘ఫంగస్’ అని నెలల తరబడి పూత మందులు వాడి వచ్చేవాళ్ళ దగ్గర కాపాడటానికి ఏమీ మిగలదు. గోటి ముక్కకు కేఓహెచ్ పరీక్ష చేయకుండా ఫంగస్ మందు మొదలుపెట్టకండి.

తలుపులో నలిగి ఊడిన గోరును పారేయకుండా తడి గాజ్ గుడ్డలో చుట్టి రోగితో పంపండి. సర్జన్ దాన్నే శుభ్రం చేసి మడత కింద తిరిగి దూరుస్తాడు. అది అతుక్కోదు గానీ మడత మూసుకుపోకుండా నిలబెడుతుంది, కొత్త గోరుకు దారి ఉంటుంది.


ఆదోని_పల్లె_క్లినిక్:

అందరికీ కృతజ్ఞతలు. బిడ్డ వీపుకు చెమట పడుతోందని, పళ్ళు ఆరు వచ్చాయని తల్లి చెప్పింది. ఫిట్స్ మాత్రలు ఎప్పుడూ వాడలేదు. బొమ్మ గీసి, ఫోటోలు తీసి సోమవారం కర్నూలుకు పంపుతున్నాం. ఇంకో రెండు అడగాలి. గోరు లేకపోతే పల్స్ ఆక్సీమీటర్ పనిచేస్తుందా? ఆధార్‌కు అడ్డం వస్తుందా?


స్కిన్_ఓపీ_కర్నూలు:

ఆక్సీమీటర్ పనిచేస్తుంది. అది వేలి కండలోని రక్తం గుండా వెలుతురు పంపి చూస్తుంది, గోటితో దానికి పని లేదు. గోరు నొక్కి రక్తం తిరిగి వచ్చే సమయం చూసే పద్ధతి మాత్రం ఈ బిడ్డకు కుదరదు. వాంతులు విరేచనాలతో వస్తే రొమ్ము ఎముక మీద 5 సెకన్లు నొక్కి వదిలి చూడండి, రంగు 2 సెకన్లలో తిరిగి రావాలి. నీలం కోసం నాలుక, పెదవులు. రక్తహీనతకు కంటి కింది రెప్ప, అరచెయ్యి. ఈ మాట బిడ్డ టీకా కార్డు మీద ఎర్ర ఇంకుతో రాసి పెడితే రాత్రిపూట ఎవరు చూసినా తడబడరు.

ఆధార్‌లో అయిదేళ్ళ లోపు వేలిముద్రలు తీసుకోరు. తర్వాత తీసుకునేది వేలి మెత్త మీది గీతల్ని, విడి అనోనికియాలో అవి మామూలుగానే ఉంటాయి.

ఫోటోలు నల్లటి గుడ్డ మీద, పగటి వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి తీయండి. బొటనవేళ్ళు మడత పడతాయి కాబట్టి వాటిని విడిగా తీయాలి. బిడ్డ ముఖం పడకూడదు, తల్లి సంతకం తీసుకున్నాకే పంపండి.